నీ కథ నాలుగో పేజీలో మొదలైంది

చి. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిలు పట్టుకుని. పద్నాలుగు పేజీల్లో నన్ను కదలనివ్వని చోటు ఒకటుంది. అమ్మమ్మ కొంగు ముడి విప్పబోతుంది. అది బిగుసుకుపోయింది. వేళ్లలో పట్టు లేక పంటితో లాగుతుంది. లోపల చెమటకు మెత్తబడిన పది రూపాయల నోటు, నీ బస్సు ఛార్జీకి. అక్కడ కాగితాలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ వెంటనే 'అమ్మమ్మకు నేనంటే ప్రాణం' అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్యి. ఆ మాట నోటు చెప్పేసింది కదా.

ముందు మూడు పేజీలూ ఊరు, చెరువు, తాతల నాటి తగాదాలు. అవి రాసినందుకు బాధపడకు, రాస్తేనే నీకు ఆ ముడి దొరికింది. అచ్చుకు పంపేటప్పుడు మాత్రం తీసెయ్యి. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' మళ్లీ చూడు. కథ మొదలయ్యేసరికే భర్త అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరి, తలుపు తియ్యమని భార్యను పిలుస్తుంటాడు. ఇంటి వర్ణన లేదు, పెళ్లినాటి ముచ్చట్లు లేవు. మనమూ అతనితో పాటు ఆ గుమ్మంలోనే నిలబడతాం.

సంభాషణలు పైకి చదువుకో. నీ కథలో అమ్మమ్మ, కండక్టరు, నువ్వు ముగ్గురూ ఒకే తీరుగా మాట్లాడుతున్నారు. అలాగని సినిమాల్లో విన్న యాస తెచ్చి ఎవరి నోట్లోనూ పెట్టకు, ఆ ఊరివాళ్లు నొచ్చుకుంటారు. చెవికి బాగా పట్టిన యాసైతేనే రాయి. లేకపోతే మామూలు వాడుక మాటలే చాలు. అమ్మమ్మ ఏ ప్రశ్నకు జవాబు చెప్పకుండా గిన్నెలు సర్దుకుంటుందో అది చూపించు.

పొద్దున్నే ఫోను ముట్టుకోకముందు అరగంట రాయి. ఒక్క పేరా వచ్చినా సరే, రోజూ కూర్చోవడం ముఖ్యం. పూర్తయ్యాక పదిహేను రోజులు బీరువాలో పడెయ్యి. తరువాత తీస్తే, నీకే పరాయి మనిషి రాసినట్టు కనిపించి తప్పులు దొరుకుతాయి.

పత్రికకు పంపేముందు వాళ్లు అడిగే నిడివి చూసుకో. సొంత రచనేనని, మరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జతచెయ్యి. ఆ మాట మీద నిలబడు, ఒకే కథను రెండు చోట్లకు పంపకు. కథ ప్రతి ఒకటి తప్పనిసరిగా దగ్గర ఉంచుకో. నా ఇరవై రెండో ఏట ఉన్న ఒక్క ప్రతినీ తిరుగు స్టాంపులతో సహా ఒక పత్రికకు పోస్టు చేశాను. తిరిగి రాలేదు. ఆ కథలో ఇప్పుడు నాకు ఒక్క వాక్యమే గుర్తుంది. ఆ బాధ నీకు వద్దు.

వీలు చూసుకుని ఒకసారి శ్రీకాకుళం వెళ్లు. కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో అక్కడ తెలుగు కథల కోసం కథానిలయం అనే గ్రంథాలయం పెట్టారు. పాత పత్రికలు ముందేసుకుని రెండు రోజులు కూర్చో. పేరున్నవాళ్లవే కాదు, ఒకటి రెండు కథలు రాసి ఆగిపోయినవాళ్లవీ చదువు. ఎవరు ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ వదిలేశారో నోటు పుస్తకంలో రాసుకో.

చివరి పేరాలో కుటుంబ విలువల గురించి రాసిందంతా పెన్సిలుతో గీసేశాను, చూస్తావుగా. బస్సు కదిలాక నువ్వు నోటు మడత విప్పకుండానే చేతిలో పట్టుకున్నావు, అక్కడ ఆపు.

దసరాకు వచ్చేటప్పుడు తిరగరాసింది పట్టుకురా. అరుగు మీద కూర్చుని నువ్వు చదువుదువుగాని, నేను వింటాను.

మీ పెద్దమ్మ