జర్మనీలో ఖాళీ బాటిల్ ఇస్తే డబ్బులిస్తారట, నిజమేనా?

నిజమే, కాకపోతే అది బహుమతి కాదు, కొన్నప్పుడు మన దగ్గర తీసుకున్నదే. దీన్ని ఫాండ్ అంటారు. వాడి పారేసే ప్లాస్టిక్ బాటిల్‌కి, టిన్నుకి 25 సెంట్లు, మామూలు బీరు సీసాకి 8 సెంట్లు బిల్లులోనే కలుపుతారు. ఒకప్పుడు మన కిళ్లీ కొట్లో కూల్‌డ్రింక్ సీసాకి డిపాజిట్ కట్టినట్టే అనుకోండి. ఖాళీలన్నీ సంచిలో వేసుకుని సూపర్ మార్కెట్‌కి వెళ్తే గుండ్రటి కంత ఉన్న మెషీన్ ఉంటుంది, ఒక్కొక్కటే అందులో పెడితే తిప్పి లేబుల్ చదువుకుంటుంది, ఆఖర్న చీటీ ఇస్తుంది, అది కౌంటర్లో చూపిస్తే సరుకుల బిల్లులో తగ్గిస్తారు, లేదా డబ్బులే ఇస్తారు. బాటిల్ బాగా నలిపేశారో, బయటికి నెట్టేస్తుంది! బీరు సీసాలు కడిగి మళ్లీ నింపుతారు, పల్చటి ప్లాస్టిక్ రీసైక్లింగ్‌కి పోతుంది.

వాడి పారేసేవాటికి ఇది 2003లో మొదలైంది, 2024లో పాల ప్లాస్టిక్ బాటిళ్లకీ వచ్చింది. 2029కల్లా ప్లాస్టిక్ బాటిళ్లలో 90 శాతం విడిగా సేకరించాలని యూరోపియన్ యూనియన్ రూలు, జర్మనీ అది ఎప్పుడో దాటేసింది. నాకు బాగా నచ్చేది మాత్రం వేరే: తిరిగివ్వడానికి ఓపిక లేనివాళ్లు బాటిల్‌ని చెత్తబుట్టలో పడేయకుండా దాని పక్కన నిలబెట్టి వెళ్తారు, ఏరుకునేవాళ్లు చెత్తలో చెయ్యి పెట్టక్కర్లేదని.