గ్రేట్ ఖలీ కేవలం ఎత్తు వల్లే పైకి వచ్చారా?

మీ తమ్ముడికి 19 ఏళ్లని, ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలని, చుట్టాలందరూ ఖలీలాగా రెజ్లింగ్‌లోకి పంపమంటున్నారని రాశారు. ఖలీకి కుస్తీ ఏమీ రాదని, ఆయనకున్నది ఎత్తు ఒక్కటేనని ఇంకొందరు అంటున్నారని చెప్పి, ఇందులో ఏది నిజమని అడిగారు. ఆ ఎత్తు వల్ల ఆయన నలుగురి కంట పడ్డారన్నది నిజమే గాని, ఆయన ఒంటిని జీవితమంతా బాధపెట్టింది కూడా ఆ ఎత్తేనని, అంత బాధతోనూ ఏళ్ల తరబడి రింగులో నిలబడటమే ఆయన నేర్చిన విద్య అని నా సమాధానం. బోధన్ వైపు ఏటా కుస్తీలు జరిగే ఊళ్లో, పహిల్వాన్ అయిన మేనమామ చేతుల్లో పెరిగి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్న నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

ఖలీ అసలు పేరు దలీప్ సింగ్ రాణా. ఆయన 1972 ఆగస్టు 27న హిమాచల్ ప్రదేశ్‌లోని సిర్మౌర్ జిల్లా ధిరైనా అనే కొండ ఊళ్లో, ఏడుగురు పిల్లలున్న పేద కుటుంబంలో పుట్టారు. రెండున్నర రూపాయల ఫీజు కట్టలేక బడి మానేశానని, రోజుకు ఐదు రూపాయల కూలికి మొక్కలు నాటే పనికి వెళ్లానని ఆయనే చెప్పుకున్నారు. పెద్దయ్యాక సిమ్లాలో కాపలా ఉద్యోగం చేస్తుండగా పంజాబ్ పోలీసు అధికారి ఒకరు ఆయన్ను చూసి, 1993లో తమ రాష్ట్ర పోలీసు శాఖలో చేర్పించారు. ఆ తరువాత జలంధర్‌లో వ్యాయామం చేసి ఒళ్లు తీర్చిదిద్దుకుని 1997లో, 1998లో మిస్టర్ ఇండియా అయ్యారు. అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో ఆల్ ప్రో రెజ్లింగ్ అనే సంస్థ తరఫున జెయింట్ సింగ్ పేరుతో మొదటిసారి రింగులోకి దిగింది 2000 అక్టోబరులో. అప్పటికే ఆయనకు 28 ఏళ్లు నిండాయి. మా వైపు పిల్లలు ఏడెనిమిదేళ్లకే మట్టిలో దిగుతారు. కాబట్టి ఎత్తు ఉన్నంత మాత్రాన అన్నీ వాటంతట అవే సమకూరాయనేవారు, ఇంగ్లీషు సరిగ్గా రాని మనిషి ఆ వయసులో పరాయి దేశం వెళ్లి పడటం, లేవటం మొదటి నుంచి నేర్చుకోవటం ఎంత కష్టమో ఒక్కసారి ఊహించుకోవాలి.

ఎత్తు గురించి నాకింత పట్టింపు ఎందుకో చెప్పాలంటే మా ఊరి కుస్తీల గురించి చెప్పాలి.

నిజామాబాద్ జిల్లాలో, ముఖ్యంగా మంజీర ఒడ్డున ఉన్న ఊళ్లలో, హోలీ నుంచి ఉగాది దాకా, ఆపైన జాతరల్లోనూ కుస్తీ పోటీలు పెడతారు. మొదట చిన్నపిల్లలు కొబ్బరికాయ కోసం పట్టుబడతారు. ఆ తరువాత పదులు, వందలు, వేలుగా పందెం పెరుగుతూ పోయి, పొద్దుగూకే వేళకు చివరి కుస్తీ గెలిచినవాడికి తులాల లెక్కన వెండి కడియం తొడుగుతారు. వీపు మట్టికి అంటితే ఓడినట్టే. దానికి గంటా ఉండదు, మార్కులూ ఉండవు. మంజీర అవతలి మహారాష్ట్ర ఊళ్ల నుంచి కూడా పహిల్వాన్లు వస్తారు. వాళ్లు మనవాళ్ల కంటే పొట్టిగా కనిపిస్తారు గాని, ఒకసారి నడుము పట్టుకున్నారంటే విడిపించుకోవటం ఎవరి తరమూ కాదు.

మా ఇంటికి రెండిళ్ల అవతల, ఒక ఆసామి దగ్గర జీతానికి ఉన్న ఒకాయన ఉండేవారు. మేమందరం ఆయన్ను అన్నా అని పిలిచేవాళ్లం. గుమ్మం దాటాలంటే నడుము దాకా వంగేవారు. ఆయన కాలికి సరిపోయే చెప్పులు ఏ అంగడిలోనూ దొరకక, టైరు ముక్కతో ప్రత్యేకంగా కుట్టించుకునేవారు. అవి కూడా ఏడాది తిరిగేసరికి ఇరుకయ్యేవి. పాతికేళ్లు దాటిన మనిషికి పాదాలు ఇంకా ఎందుకు పెరుగుతున్నాయని ఊళ్లో ఒక్కరూ ఆలోచించలేదు. పైగా దేవుడిచ్చిన ఒళ్లు వృథా చేస్తున్నాడని ఆయన్నే నిందించేవారు. ఒక ఏడు హోలీ కుస్తీల్లో, అవతలి ఒడ్డు పహిల్వాన్ ఒకడు వరుసగా మా ఊరివాళ్లను చిత్తు చేస్తుంటే, జనం ఈయన్ను రెక్కలు పట్టుకుని బరిలోకి తోశారు. ఆయన వద్దు వద్దంటూనే చొక్కా విప్పారు. డప్పులు ఒక్కసారిగా జోరందుకున్నాయి. ఆ పొట్టి పహిల్వాన్ ఒక్క క్షణం ఎగాదిగా చూసి, పైకి చెయ్యి వేసే ప్రయత్నమే చేయకుండా, వంగి సూటిగా మోకాళ్ల వెనక పట్టు పట్టాడు. అంత పెద్ద మనిషి, నరికిన తాటిచెట్టులా వెల్లకిలా పడిపోయారు. "గింత పొడుగున్నోడు గంత జల్ది పడ్తడా" అని ఎవరో అరిస్తే జనమంతా విరగబడి నవ్వారు.

మా మామ ఆ రోజు బరిలో పెద్దమనిషిగా ఉన్నారు. ఆయన నవ్వలేదు. పడిన మనిషిని లేపి రావిచెట్టు కిందికి తీసుకుపోయి, నువ్వుల నూనె తెప్పించి, తానే మోకాళ్లకు మాలీషు చేశారు. నేను నూనె గిన్నె పట్టుకుని పక్కనే కూర్చున్నాను. ఆ మోకాళ్లు వాచి గట్టిపడి ఉన్నాయి. చెయ్యి వేస్తేనే ఆయన పళ్లు బిగబట్టారు. ఎన్నేళ్ల నుంచి ఈ నొప్పి అని మామ అడిగితే, గడ్డం మొలిచినప్పటి నుంచి అని, తల కూడా రోజూ నొస్తుందని ఆయన చెప్పారు. మామ లేచి జనం వైపు తిరిగి, "ఈ పిలగాని ఎత్తు సూసిండ్రు గని, మోకాళ్లు సూసిండ్రా ఎవలన్న?" అని గట్టిగా అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత మామే ఆయన్ను పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళితే, నొప్పి బిళ్లలిచ్చి, బరువు పనులు మానమని చెప్పి పంపేశారు. మరి కొన్నేళ్లకు చూపు తగ్గి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే గాని, మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉందని తెలియలేదు. ఆ గడ్డ వల్ల ఎదుగుదల హార్మోను అదుపు లేకుండా ఊరుతుంది. ఎముకలు ఇంకా పెరిగే వయసులో అది వస్తే మనిషి తాడిలా ఎదుగుతాడు; ఆ వయసు దాటాక వస్తే ఎత్తు పెరగకుండా చేతులు, పాదాలు, దవడ పెద్దవవుతాయి, గొంతు బొంగురుపోతుంది, కీళ్లు అరుగుతాయి, గుండె మీద భారం పడుతుంది.

ఖలీకి ఉన్నది ఆ జబ్బే. ఇది దాచిన సంగతి ఏమీ కాదు. ఆయన పిట్యూటరీ గ్రంథిలోని గడ్డకు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 2012 జులైలో శస్త్రచికిత్స చేశారు. ఆ ఏడాది ఆయనకు 40 నిండాయి. అంటే, మనం టీవీలో చూసిన పోట్లాటల్లో ముఖ్యమైనవన్నీ ఆ గడ్డకు చికిత్స జరగకముందువే. ఆయన నెమ్మదిగా నడుస్తారని, ఎగిరి దూకలేరని, తలను రెండు చేతుల మధ్య నొక్కి పట్టటం తప్ప మరేమీ రాదని వెక్కిరించేవాళ్లు ఈ ఒక్క విషయం ముందుగా తెలుసుకోవాలి. తన మోకాళ్లు ఎంత మోయగలవో తెలిసిన మనిషి, దానికి తగిన పట్లే ఎంచుకుని వేలమంది ముందు ఆటను రక్తి కట్టించటం చిన్న విషయం కాదు. మా మామ ఇదే అనేవారు: తన ఒంటికి నప్పే నాలుగు పట్లు సాధించినవాడే పహిల్వాన్, నలభై పట్లు తెలిసినవాడు కాదు.

ఇక ఇదంతా నాటకమనే వాదన ఉంది. టీవీ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయిస్తారన్న సంగతి అందరికీ తెలిసిందే, ఆ పోటీలు పెట్టే సంస్థలే ఒప్పుకున్నాయి. కానీ పడటం నాటకం కాదు. ఒకటిన్నర క్వింటాళ్ల బరువున్న మనిషి పైకెత్తి వేస్తే, పడేవాడి వెన్ను నిజంగానే అదురుతుంది. 2001 మే నెలలో కాలిఫోర్నియా శిక్షణ కేంద్రంలో ఖలీతో సాధన చేస్తున్న ఒక యువకుడు ఆయన ఎత్తి వేసిన దెబ్బకు ప్రాణాలు కోల్పోయాడు. ఆ యువకుడి తలకు అంతకుముందే దెబ్బ తగిలి ఉంది. బాధ్యత శిక్షణ ఇచ్చిన సంస్థదేనని 2005లో అక్కడి జ్యూరీ తేల్చి, కుటుంబానికి 13 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇప్పించింది. ఈ సంగతి తెలిశాక కూడా ఇది ఉత్త తమాషా అనగలిగేవారు ఎప్పుడూ బరిలో కాలు పెట్టి ఉండరని నేను ఎంత పందేనికైనా సిద్ధం.

ఆయన ఆ తరువాత జపాన్‌లో ఆడి, 2006 జనవరిలో అమెరికాలోని పెద్ద రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈతో ఒప్పందం చేసుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్ 7న టీవీలో మొదటిసారి కనిపించినప్పుడే అక్కడి పేరుమోసిన రెజ్లర్ అండర్‌టేకర్ మీద పడ్డారు. మే 21న జడ్జిమెంట్ డే పోటీలో ఆయన్ను ఓడించారు. అండర్‌టేకర్ అంతటివాడు కొత్తగా వచ్చిన మనిషి చేతిలో ఓడటానికి ఒప్పుకోవటమంటే, ఆ సంస్థ ఖలీ మీద ఎంత నమ్మకం పెట్టుకుందో అర్థమవుతుంది. 2007 జులైలో, గాయపడిన ఎడ్జ్ వదులుకున్న వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ పదవి కోసం 20 మంది ఒకేసారి దిగిన పోటీలో చివరిదాకా మిగిలి, ఆ బెల్టు గెలిచిన తొలి భారతీయుడయ్యారు. ఆ రాత్రి నేను హనుమకొండలో హాస్టల్ టీవీ ముందు ఉన్నాను. కేన్, బటిస్టా లాంటి వాళ్లున్న రింగులో ఆయన చెయ్యి పైకెత్తినప్పుడు, అన్నం పళ్లేలు పట్టుకుని నిలబడ్డ పిల్లలంతా చేసిన గోలకు వార్డెన్ పరుగెత్తుకొచ్చారు. నాకు మాత్రం మా ఊరి అన్న గుర్తుకొచ్చారు. సెప్టెంబరు 16న బటిస్టా ఆ బెల్టును తిరిగి గెలుచుకున్నారు.

నాకు బాధ కలిగించేది ఆ తరువాతి కాలం. అంత పెద్ద చాంపియన్ చేత డాన్సులు చేయించి, ముద్దుల ఆటలు ఆడించి, ఆయన్ను నవ్వులాటకు వాడుకున్నారు. మా ఊరి బరి చుట్టూ నవ్విన జనానికీ, వాళ్లకూ నాకు తేడా కనిపించలేదు. అయినా ఆయన 2014 దాకా అక్కడే కొనసాగి, బయటికి వచ్చాక 2015లో జలంధర్‌లో కాంటినెంటల్ రెజ్లింగ్ ఎంటర్‌టైన్‌మెంట్ పేరుతో శిక్షణ సంస్థ పెట్టారు. డబ్ల్యూడబ్ల్యూఈ రింగులో తొలిసారి అడుగుపెట్టిన భారతీయ మహిళ కవితాదేవి అక్కడ నేర్చుకున్నవారే. 2021లో డబ్ల్యూడబ్ల్యూఈ ఖలీని తన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకుంది. మన ఉత్తర తెలంగాణలో మాత్రం కుస్తీ నేర్పే తాలీంఖానాలు ఒక్కొక్కటే మూతపడి, వాటి స్థానంలో అద్దాలు, ప్రోటీన్ డబ్బాలున్న జిమ్ములు వచ్చాయి. అక్కడ కండలు పెంచటం నేర్పుతారు గాని, దెబ్బ తగలకుండా పడటం నేర్పేవారు లేరు. కొబ్బరికాయ కుస్తీ గెలిచిన పిల్లవాడికి ఆ పైన ఎక్కడికి వెళ్లాలో చెప్పే మనిషి కూడా లేడు.

మీ తమ్ముడి సంగతికి వస్తాను. 6 అడుగుల 4 అంగుళాలు ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఇంట్లో తాతలు, మేనమామలు పొడుగువాళ్లయితే అది వంశపారంపర్యమే కావచ్చు. కానీ ఏడాదికేడాది చెప్పుల సైజు మారుతున్నదా, వేలి ఉంగరం బిగుసుకుపోతున్నదా, తరచూ తలనొప్పి వస్తున్నదా, పక్కల నుంచి వచ్చేది కంటికి ఆనటం లేదా అన్నవి ముందు గమనించండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, జిమ్ములో చేర్పించే ముందు హార్మోన్ల డాక్టరుకు చూపించి, ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్ష చేయించండి; అవసరమైతే వాళ్లే ఎమ్మారై రాస్తారు. అది త్వరగా బయటపడితే మందులతోనో, ముక్కు లోపలి నుంచి చేసే ఆపరేషన్‌తోనో అదుపులో పెట్టే వీలుంటుంది. ఏమీ లేదని తేలితే, అతనికి ఇష్టముందో లేదో అతన్నే అడిగి, ముందుగా మట్టిలో కుస్తీ తెలిసిన ఒక ఉస్తాదు దగ్గర ఏడాది పాటు పడటం, లేవటం నేర్చుకోనివ్వండి. రెజ్లింగ్ మాట ఆ తరువాత ఆలోచించవచ్చు.