లగ్జరీ కారు రిపేర్‌కి రెండున్నర నెలల జీతం: చేయించాలా, అమ్మేయాలా?

ప్రశ్న: నా వయసు 41. ఉద్యోగం చేస్తున్నాను. ఆరేళ్లు వాడిన ఒక జర్మన్ లగ్జరీ సెడాన్‌ని మూడేళ్ల క్రితం కొన్నాను. ధర నా తొమ్మిది నెలల జీతం. అందులో మూడో వంతు చేతి నుంచి పెట్టి, మిగతాది ఐదేళ్ల లోన్ తీసుకున్నాను. ఇంకా తీర్చాల్సింది మూడు నెలల జీతానికి కాస్త తక్కువ. గత ఏడాదిన్నరలో వాటర్ పంప్, కూలెంట్ లీక్, ఒక హెడ్‌లైట్, వీటికే రెండు నెలల జీతం అయిపోయింది. ఇప్పుడు రాత్రి పార్క్ చేస్తే పొద్దున్నకల్లా ముందు ఎడమ వైపు కిందికి దిగిపోయి ఉంటోంది. గేర్ మారేటప్పుడు జర్క్ కూడా ఇస్తోంది. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు రెండున్నర నెలల జీతం ఎస్టిమేట్ ఇచ్చారు. నాలుగు నెలల జీతం ఎమర్జెన్సీ ఫండ్ ఉంది. దాన్ని ముట్టుకోకుండా పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. ఇంత పెట్టాం కదా, ఇదొక్కటి చేయిస్తే ఇక ఇబ్బంది ఉండదని నా ఆలోచన. నా భార్య అమ్మేయమంటోంది. ఒక డీలర్ ఉన్నదున్నట్టుగా మూడు నెలల జీతం ఇస్తానన్నాడు. అంతా బాగుంటే ఐదు నెలల జీతం పలుకుతుందట. ఏం చేయమంటారు? ఈ కారు నాకు చిన్నప్పటి నుంచి ఉన్న కల.

జవాబు: ముందుగా రెండు పనులు ఆపండి. పర్సనల్ లోన్‌కి అప్లై చేయకండి. కారుని కూడా ఇప్పుడున్న పరిస్థితిలో నడపకండి. మొదటిది ఎందుకో తర్వాత చెబుతాను. రెండోది డబ్బుతో నేరుగా ముడిపడిన విషయం కాబట్టి ముందు అదే చెప్పాలి.

మీ కారుకి స్టీల్ స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులు (బెలోస్) ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ ఆ రబ్బరు పగుళ్లిస్తుంది. రాత్రంతా సన్నగా గాలి పోయి, పొద్దున్నకి కారు ఒక మూలకి వాలుతుంది. స్టార్ట్ చేయగానే కంప్రెసర్ మళ్లీ గాలి నింపి పైకి లేపుతుంది. అది కాసేపు పనిచేసి ఆగేలా తయారైన చిన్న మోటారు. లీక్ ఉంటే అది అదే పనిగా తిరుగుతూ వేడెక్కి కాలిపోతుంది. అంటే ఒక బెలోస్‌తో అయిపోయే ఖర్చు, పట్టించుకోకుండా నడిపితే కంప్రెసర్ దాకా పాకుతుంది. మీ ఎస్టిమేట్‌లో కంప్రెసర్ కూడా ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే అది నిజంగా పాడైందా, ముందు జాగ్రత్తగా రాశారా అని అడగండి.

ఇక అసలు సంగతి. మీరు ఈ కారుని తొమ్మిది నెలల జీతానికి కొన్నారు. కానీ దాన్ని నడిపే ఖర్చు తొమ్మిది నెలల జీతం స్థాయిది కాదు. కొత్తగా షోరూమ్‌లో ఉన్నప్పుడు దాని ధర ఎంతో, ఖర్చు ఆ స్థాయిలోనే ఉంటుంది. కారు ధర ఏటా పడిపోతుంది, దాని స్పేర్ పార్టుల ధర పడిపోదు. మెకానిక్ గంటకి తీసుకునే లేబర్ కూడా కారు పాతదైందని తగ్గదు. వాడిన లగ్జరీ కారు చవగ్గా దొరకడానికి ఒక ముఖ్యమైన కారణం ఇదే: వారంటీ అయిపోయాక వచ్చే ఖర్చుల్ని మొదటి యజమాని తప్పించుకుంటున్నాడు, రెండో యజమాని భుజాన వేసుకుంటున్నాడు. మీరు కొన్నప్పుడు ఈ మాట మీకెవరూ చెప్పలేదంటే నాకు బాధగానే ఉంది. ఈఎంఐ లెక్క అందరూ వేసిస్తారు, రిపేర్ లెక్క ఎవరూ వేసివ్వరు.

ఇందులో మీ తప్పు గానీ, దురదృష్టం గానీ వెతకక్కర్లేదు. కారు తయారైన తీరులోనే దీనికి కారణం ఉంది. వాటర్ పంప్ హౌసింగ్, కూలెంట్ ట్యాంక్, పైపుల జాయింట్లు చాలా మోడళ్లలో ప్లాస్టిక్‌వి. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి పెళుసెక్కుతాయి. టర్బో ఇంజిన్ చుట్టూ చోటు ఇరుకు, వేడి ఎక్కువ. ఒక చిన్న పైపు మార్చాలన్నా చాలా భాగాలు విప్పాలి కాబట్టి పార్టు కన్నా లేబర్ ఎక్కువవుతుంది. హెడ్‌లైట్‌లో ఒకప్పటిలా బల్బు మార్చడం ఉండదు. ఎల్‌ఈడీలు, మోటార్లు, వాటిని నడిపే చిన్న కంప్యూటర్ లాంటి కంట్రోల్ మాడ్యూల్ అన్నీ ఒకే పెట్టెలో ఉండి, చాలాసార్లు పెట్టె మొత్తాన్నీ మార్చాల్సి వస్తుంది. సన్‌రూఫ్ నీళ్లు బయటికి పోయే సన్నటి గొట్టాల్లో ఆకులూ దుమ్మూ పేరుకుంటే, ఆ నీళ్లు కార్పెట్ కింద ఉన్న ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ల మీదకి చేరవచ్చు. కొన్ని బ్రాండ్లలో బ్యాటరీ మార్చినా కొత్తది పెట్టామని కారు కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయాలి. ఏ ఒక్కటీ ఘోరమైన లోపం కాదు. కానీ తొమ్మిదో ఏట ఇవన్నీ వరసగా వయసుకొస్తాయి.

అందుకే మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం "ఇదొక్కటి చేయిస్తే ఇక ఇబ్బంది ఉండదు" అన్నది. వాటర్ పంప్ మార్చినప్పుడు కూడా మీరు ఇలాగే అనుకుని ఉంటారు. ముందు ఎడమ బెలోస్ వయసు తొమ్మిదేళ్లయితే మిగతా మూడింటి వయసూ అంతే. ముందు రెండూ మార్చారనుకోండి, వెనక రెండూ వాటి వంతు కోసం ఉంటాయి.

గేర్‌బాక్స్ గురించి ఒక మాట. చాలా లగ్జరీ కార్లలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ "జీవితకాలం" ఉంటుందని చెబుతారు. కానీ ఎన్నో బ్రాండ్లకు గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జెడ్‌ఎఫ్ కంపెనీయే తన ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్‌ని 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో, లేదంటే ఎనిమిదేళ్లకి మార్చమని సూచిస్తుంది. మీ కారులో ఆ ఆయిల్ ఎప్పుడైనా మార్చారా? సర్వీస్ రికార్డు తీసి చూడండి. మార్చకపోతే, గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ లాంటి పెద్ద భాగం ఏదైనా మార్చాలన్నా, ముందు కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు (ఫాల్ట్ కోడ్లు) చదివించి, ఆయిల్ లెవెల్, దాని రంగు, వాసన చూపించండి. జర్క్ ఆయిల్‌తోనే పోతుందని నేను మాటివ్వలేను. కానీ చిన్న ఖర్చుతో తేలే అవకాశాన్ని పరీక్షించకుండా పెద్ద ఖర్చుకి సంతకం పెట్టకూడదు.

ఇప్పుడు లెక్క. ఇప్పటిదాకా పెట్టిన రెండు నెలల జీతాన్ని కాగితం మీద రాయకండి. అది పోయింది. అమ్మినా తిరిగి రాదు, ఉంచుకున్నా తిరిగి రాదు. దాన్ని లెక్కలోకి తెస్తే పోయిన డబ్బుకి తోడుగా ఉన్న డబ్బునీ పంపిస్తాం. నిర్ణయం ఇవాళ్టి అంకెల మీదే జరగాలి.

ఉన్నదున్నట్టుగా అమ్మితే మూడు నెలల జీతం చేతికొస్తుంది. రెండున్నర పెట్టి బాగు చేయించి ఐదుకి అమ్మితే మిగిలేది రెండున్నర. అంటే అమ్మే ఉద్దేశమే ఉంటే, కంపెనీ ఎస్టిమేట్ ప్రకారం చేయించడం వల్ల అరనెల జీతం నష్టం. పైగా ఆ ఐదు అన్నది డీలర్ నోటి మాట. ఉంచుకునే ఉద్దేశంతో చూసినా, గత ఏడాదిన్నర ఖర్చుకి ఈ ఎస్టిమేట్ కలిపితే నాలుగున్నర నెలల జీతం, అంటే ఏడాదికి మూడు నెలల జీతం. ఇక ముందు ఇందులో సగమే అవుతుందనుకున్నా ఏటా నెలన్నర జీతం రిపేర్లకే పోతుంది. దీనిమీద ఈఎంఐ, ఇన్సూరెన్స్, టైర్లు, ఇంధనం. ఏనుగుని కొనడం వేరు, మేపడం వేరు అన్న మాట మీ విషయంలో నిజమవుతోంది.

పర్సనల్ లోన్ వద్దన్నది ఇందుకే. సాధారణంగా దాని వడ్డీ కార్ లోన్ కన్నా ఎక్కువ. ఏటా విలువ తగ్గే వస్తువు మీద ఇప్పటికే ఒక అప్పు ఉంది, దాని రిపేర్ కోసం రెండోది పెడితే రెండూ కలిపి ఐదు నెలల జీతం దాటుతాయి. అంతా బాగున్న రోజున కూడా కారు విలువ ఐదే. ఆ మర్నాడే ఏదైనా జరిగి అమ్మాల్సి వస్తే, కారు పోయినా అప్పు మిగులుతుంది.

ఎమర్జెన్సీ ఫండ్‌ని కాపాడుకోవాలన్న మీ జాగ్రత్త మాత్రం మంచిదే. అది ఉద్యోగం పోతేనో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతేనో వాడాల్సిన డబ్బు.

అయితే వెంటనే డీలర్‌కి తాళం ఇచ్చేయమని కూడా నేను అనను. మధ్యలో ఒక దారి ఉంది, దానికి రెండు వారాలు చాలు. మీ బ్రాండ్ కార్ల మీదే పనిచేసే, కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే సరైన స్కానర్ ఉన్న ఒక స్వతంత్ర వర్క్‌షాప్‌లో మళ్లీ చెక్ చేయించండి. కారుని అక్కడికి నడిపించకుండా ఫ్లాట్‌బెడ్ (కారుని పైకెక్కించి తీసుకెళ్లే లారీ) మీద పంపండి. పార్టులెంత, లేబర్ ఎన్ని గంటలు, కొత్త పార్టుని కారు కంప్యూటర్‌కి అనుసంధానించే ప్రోగ్రామింగ్ ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. కంపెనీ డబ్బాలో వచ్చే పార్టుల్లో చాలావాటిని నిజానికి తయారుచేసేది బాష్, మాహ్లే, జెడ్‌ఎఫ్ లాంటి సప్లయర్లే. వాళ్ల సొంత డబ్బాలో దొరికే భాగం తరచుగా తక్కువ ధరకి వస్తుంది. పేరు తెలియని నకిలీ పార్టు మాత్రం ఎంత చవకైనా వద్దు. గాలి బెలోస్ తీసేసి మామూలు స్ప్రింగులు వేస్తామని కూడా ఎవరైనా చెప్పవచ్చు. ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ ప్రయాణంలో ఆ మెత్తదనం పోతుంది, డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ రాకుండా కోడింగ్ చేయాలి, అమ్మేటప్పుడు కొనేవాళ్లు వెనకాడతారు. అమ్మే ఆలోచనలో ఉన్నవాళ్లకి నేను ఆ దారి చెప్పను.

ఆ రెండో ఎస్టిమేట్ ఒకటిన్నర నెలల జీతం లోపు వస్తే చేయించి అమ్మండి. అప్పుడు ఐదుకి అమ్ముడుపోయినా, నాలుగున్నరకే పోయినా ఇప్పటికన్నా మెరుగ్గానే ఉంటారు. డబ్బు ఎమర్జెన్సీ ఫండ్ నుంచే తీసుకోండి, కారు అమ్మగానే ముందు ఆ లోటు పూడ్చండి. ఒకటిన్నర దాటితే చేయించకండి, ఉన్నదున్నట్టుగా అమ్మేయండి. ఒక్క డీలర్ మాట మీద ఆగకుండా కనీసం ముగ్గుర్ని అడగండి. ఎలా అమ్మినా ఏ లోపం ఉందో, ఏం మార్పించారో కాగితాలు చూపించి చెప్పండి. వార్నింగ్ లైట్ ఆర్పేసి ఇంకొకరికి అంటగట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ మాట వినకండి, కొనే మనిషి కూడా మీలాగే కలతో వస్తాడు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవచ్చా అని మీకు అనిపించవచ్చు. ఇప్పటికే ఉన్న లోపాన్ని అది కవర్ చేయదు. తొమ్మిదేళ్ల కారుకి దొరకడమే కష్టం, దొరికినా సాధారణంగా అరుగుదలని మినహాయిస్తుంది. మామూలు కారు ఇన్సూరెన్స్ ప్రమాదం, దొంగతనం లాంటివాటికే గానీ ఇలాంటి రిపేర్లకి కాదు.

మీ కల గురించి. లగ్జరీ కార్లన్నీ ఇలాగే ఉంటాయని నేననను. జె.డి. పవర్ సంస్థ అమెరికాలో మూడేళ్ల వయసున్న కార్ల యజమానుల్ని అడిగి, ప్రతి 100 కార్లకి ఎన్ని సమస్యలొచ్చాయో లెక్కిస్తుంది. 2023, 2024, 2025 మూడేళ్లూ అందులో మొదట నిలిచింది లెక్సస్, అంటే లగ్జరీ బ్రాండే. 2025లో పరిశ్రమ సగటు 202 అయితే లెక్సస్‌కి 140. సౌకర్యం ఉన్నచోట మన్నిక కూడా ఉండవచ్చు. కానీ ఆ సర్వే మూడేళ్ల కార్లది, మీలాంటి తొమ్మిదేళ్ల కారు గురించి అది ఏమీ చెప్పదు. రేపెప్పుడైనా మళ్లీ లగ్జరీ కారు కొనాలనుకుంటే, బ్రాండ్ పేరు కాదు, ఆ మోడల్‌లో ఆ ఇంజిన్‌కి ఉన్న బలహీనత ఏమిటో ముందు కనుక్కోండి. ఉదాహరణకి 1990ల చివర్లో, 2000ల మొదట్లో వచ్చిన పోర్షే బాక్స్‌టర్, చాలా 911 మోడళ్ల ఇంజిన్లలో ఐఎమ్‌ఎస్ బేరింగ్ అనే చిన్న భాగం విరిగితే ఇంజిన్ మొత్తం పోవచ్చు. తెలిసినవాళ్లు క్లచ్ మార్చేటప్పుడే దాన్నీ ముందుగా మార్పించేస్తారు, ఎందుకంటే విప్పాల్సిన పని ఒక్కటే. తెలియనివాళ్లకి అదే పెద్ద దెబ్బ. కొనేముందు స్వతంత్ర మెకానిక్‌తో చెక్ చేయించడం, కారు ధరలో కనీసం పదిహేను శాతాన్ని రిపేర్ల కోసం విడిగా ఉంచుకుని ఆ తర్వాతే సంతకం పెట్టడం నేను నా క్లయింట్లందరికీ పెట్టే షరతు.

ఇప్పటికైతే మీ ఇంట్లో ఈ లెక్క మీకన్నా ముందు మీ భార్యకి అర్థమైంది. దాన్ని కాగితం మీద రాసుకుని ఇద్దరూ కలిసి కూర్చుని చూడండి. కారు అమ్మిన మూడు నెలల జీతంతో లోన్ తీరిపోతుంది, కానీ ముందే క్లోజ్ చేస్తే ఛార్జీ ఎంతో బ్యాంకులో కనుక్కోండి. మీ జీతంలో దాదాపు పదమూడు శాతం ఈఎంఐగా పోతోంది. అది ఆగిన నెల నుంచే అంత డబ్బునీ వేరే ఖాతాలో వేయండి. ఏడాది తిరిగేసరికి నెలన్నర జీతం అక్కడ ఉంటుంది, వారంటీ ఉన్న మామూలు కారుకి డౌన్ పేమెంట్‌లో అది మంచి భాగమే అవుతుంది.

రెండో వర్క్‌షాప్ ఎస్టిమేట్, లోన్ క్లోజింగ్ మొత్తం, ఈ రెండు అంకెలు చేతికి రాగానే నాకు మళ్లీ రాయండి.