డూమ్: పరుగు నుంచి డాలు దాకా

ప్రశ్న: 1998లో తిరుపతిలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నప్పుడు, మాస్టారు భోజనానికి వెళ్ళిన అరగంటలో మేమంతా వంతులవారీగా ‘డూమ్’ ఆడేవాళ్ళం. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి మొన్న సెలవుల్లో అదే పేరున్న కొత్త ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. కోటలు, డాలు, డ్రాగన్! నాకు తెలిసిన ఆట జాడ కనిపించలేదు. పేరు తప్ప ఇంకేమైనా మిగిలిందా?
— ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మీ అబ్బాయి ఆడుతున్నది 2025 మే నెలలో విడుదలైన ‘డూమ్: ది డార్క్ ఏజెస్’ అయి ఉండాలి. మీరు ఆడినది ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 1993 డిసెంబర్ 10న వదిలిన మొదటి ‘డూమ్’, లేదా మరుసటి ఏడాది వచ్చిన రెండో భాగం. నడుమ 30 ఏళ్ళకు పైగా గడిచాయి కనుక మీరు తికమకపడటంలో వింత లేదు. అయితే రాక్షసులను తుపాకులతో కాల్చే ఈ ఆటలను బొమ్మలను బట్టి, కథను బట్టి కాకుండా ఆటగాడి కాళ్ళను బట్టి చూడమని నా సలహా. తుపాకులు పెద్దగా మారలేదు. రెండు గొట్టాల షాట్‌గన్ 1994లో వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆ తుపాకి పట్టుకున్నవాడు ఎలా కదలాలన్న దగ్గరే తయారీదారులు ప్రతిసారీ మనసు మార్చుకుంటూ వచ్చారు.

మొదటి ఆటలో కదలికే కవచం. ముళ్ళ ఒంటితో ఉండే గోధుమరంగు రాక్షసుడు విసిరిన నిప్పు ఉండ మీ దాకా రావడానికి కొంత వ్యవధి పడుతుంది, ఆ వ్యవధిలో పక్కకు ఒక్క అడుగు వేస్తే అది గోడకు తగిలి పోతుంది. తుపాకి పైకీ కిందికీ గురి పెట్టే పనే లేదు. మిద్దె మీద నిలబడ్డవాడిని కాల్చాలన్నా అతడి వైపు తిరిగితే చాలు, గుండు తనంతట తానే ఎత్తు చూసుకుంటుంది. అందువల్ల ఆటగాడి ధ్యాస మొత్తం నేల మీదే ఉండేది: ఎటు పరిగెత్తాలి, ఏ స్తంభం చాటున నిలవాలి, ఇద్దరు శత్రువుల నడుమ ఎలా దూరితే ఒకడి దెబ్బ ఇంకొకడికి తగిలి వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటారు అన్నదే లెక్క. తెర అడుగున మధ్యలో ఉండే ముఖం మీకు గుర్తుండే ఉంటుంది. ఒంట్లో సత్తువ తగ్గేకొద్దీ దాని మీద నెత్తురు చారలు పెరిగేవి, దెబ్బ ఏ వైపు నుంచి తగిలితే కళ్ళు ఆ వైపు తిరిగేవి. అలంకారమని చాలామంది అనుకునే ఆ బొమ్మ నిజానికి వెనక్కి చూడలేని ఆటగాడికి దిక్సూచి.

ఆ ఆట మన ఊరి దాకా చేరిన తీరు కూడా ఆట వ్యాపారంలోనే ఒక మలుపు. మూడు భాగాల్లో మొదటి భాగాన్ని, అంటే తొమ్మిది అంకాలను (లెవెళ్ళను), ఎవరైనా ఉచితంగా ఆడవచ్చు, నకలు తీసి నలుగురికీ పంచవచ్చు. తక్కిన రెండూ కావాలంటే డబ్బు కట్టి తెప్పించుకోవాలి. ఆ ఉచిత భాగం 1.44 ఎంబీ పట్టే ఫ్లాపీ డిస్కులు రెండింటిలో ఇమిడిపోయేది. చెన్నైలో కంప్యూటర్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి వచ్చిన మిత్రుడి దగ్గర నేను నకలు తీసుకున్న రెండో ఫ్లాపీ ముక్కాలు వంతు చదివి మొరాయించేది, దాన్ని బయటికి తీసి, చొక్కాకు తుడిచి, మళ్ళీ పెట్టేవాళ్ళం. మీ అబ్బాయి ఆడుతున్న ఆటకు 100 జీబీ చోటు కావాలని తయారీదారులే చెబుతున్నారు. లెక్క వేస్తే అది దాదాపు 70 వేల ఫ్లాపీలు.

ఆ తర్వాత 2004 ఆగస్టులో వచ్చిన ‘డూమ్ 3’ పరుగును ఆపేసి నడక నేర్పింది. కారణం చాలావరకు సాంకేతికమే. అప్పటిదాకా ఆటల్లో గోడల మీది వెలుగునీడలు ముందే లెక్కకట్టి అతికించినవి. ఇడ్ సంస్థ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ రాసిన, తెర మీది బొమ్మలను గీసే కొత్త ఇంజన్‌లో దీపం ఊగితే నీడ కూడా ఆ క్షణాన ఊగుతుంది. అంతటి నీడ చేతికి అందాక దాన్ని వాడకుండా ఉండటం ఎవరి తరం? ఆట మొత్తం చీకటి వరండాల మయమైంది, మూల తిరగాలంటే జంకు పుట్టించే భయానక కథ అయింది. పైగా టార్చిలైటు పట్టుకుంటే తుపాకి పట్టుకోలేరు, తుపాకి తీస్తే వెలుగు పోతుంది. అభిమానులు మండిపడ్డారు; తుపాకికి టార్చిని టేపుతో చుట్టినట్టు మార్చే చిన్న ప్రోగ్రాం ఒకటి ఎవరో తయారుచేసి పంచిపెట్టారు. 2012లో మళ్ళీ విడుదల చేసినప్పుడు సంస్థే దిగివచ్చి టార్చిని కవచానికి తగిలించింది. నా మటుకు నాకు పాత ఇబ్బందే నచ్చింది. కరెంటు పోయిన రాత్రి టార్చి ఒక చేత్తో, ఫ్యూజు తీగ మరో చేత్తో పట్టుకుని మీటర్ పెట్టె ముందు నిలబడ్డవారికి ఆ గుబులు ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. కాకపోతే దానికి ‘డూమ్’ అన్న పేరు ఎందుకు పెట్టారని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

దాని తర్వాత తలపెట్టిన నాలుగో భాగం, అప్పట్లో ఊపు మీదున్న యుద్ధపు ఆటల పోకడలో సాగి, మధ్యలోనే మూలపడింది. 2016 మే 13న వచ్చిన ఆటకు అంకె లేదు, పేరు మళ్ళీ ఉత్త ‘డూమ్’. ఈ వరుస మొత్తంలో నేను అన్నిటికంటే మెచ్చుకునే ఆలోచన ఇందులోనే ఉంది. తుపాకి ఆటల్లో దెబ్బ తిన్నవాడు సహజంగా వెనక్కి తగ్గి, గోడ చాటున కూర్చుని కోలుకుంటాడు. ఇక్కడ ఆ దారి మూసేశారు. చావుకు దగ్గరైన రాక్షసుడు తూలుతూ మెరుస్తాడు, దగ్గరికి వెళ్ళి వట్టి చేతులతో చంపితే అతడి నుంచి సత్తువ గుళికలు రాలుతాయి. అంటే ప్రాణం మీదికి వచ్చినప్పుడు పారిపోవలసింది శత్రువు నుంచి కాదు, శత్రువు మీదికి. 1993లో పక్క అడుగు ఎలా ప్రాణం కాపాడేదో, 2016లో ముందడుగు అలా కాపాడింది. మందుగుండు మార్చుకోవడానికి ఆగే పని కూడా లేకపోవడంతో ఆట ఎక్కడా నిలవదు.

2020 మార్చిలో వచ్చిన ‘డూమ్ ఎటర్నల్’ ఆ ఆలోచనను పరీక్షల స్థాయికి తీసుకువెళ్ళింది. తూటాలు తరిగిపోతే రంపంతో కోయాలి, కవచం కావాలంటే నిప్పు చిమ్మాలి, సత్తువ కావాలంటే చేతులతో చంపాలి. గాలిలో తేలే గుండ్రటి రాక్షసుడు నోరు తెరిచినప్పుడు అందులో గ్రెనేడ్ వేయాలి. గెంతడం, గాలిలోనే దూసుకుపోవడం, కడ్డీలు పట్టుకుని ఊగడం సరేసరి. చేయి తిరిగినవారికి ఇంతకు మించిన ఆట లేదన్న మాట నేనూ ఒప్పుకుంటాను గానీ, గొడ్డలి, డాలు పట్టుకుని వచ్చే ఒక శత్రువు కళ్ళు ఆకుపచ్చగా మెరిసిన క్షణంలో మాత్రమే కాల్చాలని నియమం పెట్టడం, ఆటగాడి చెవి పట్టుకుని పాఠం అప్పజెప్పించుకోవడంలా తోచింది.

మీరు చూసిన కొత్త ఆటలో కాళ్ళు నేలకు దిగాయి. కథ 2016 నాటి ఆటకు ముందు కాలానిది. గెంతులు తగ్గి, డాలు చేతికి వచ్చి, నిలబడి తట్టుకోవడం పెరిగింది. ఈసారి ఆడే తీరు కాస్త దగ్గరనుంచి గమనించండి. రాక్షసులు విసిరే ఉండలు వరుసలు కట్టి నెమ్మదిగా వస్తాయి, వాటి సందుల్లోంచి మీ అబ్బాయి పక్కకు జరుగుతూ పోతాడు, ఆకుపచ్చగా ఉన్నవాటిని మాత్రం డాలుతో తిప్పికొడతాడు. ఆ పక్క అడుగు మీదే. మాస్టారు భోజనానికి వెళ్ళినప్పుడు మీరు వేసినదే.

ప్రశ్న: మొదటి ‘డూమ్’ అసలైన త్రీడీ కాదని మా సీనియర్ ఒకరు అన్నారు. అందులో మెట్లు ఎక్కుతాం, లిఫ్టులో దిగుతాం కదా, మరి ఎందుకు కాదు?
— డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: ఆ ఆటలోని ప్రతి అంకమూ మేస్త్రీ కాగితం మీద గీసిన ఇంటి ప్లాను వంటిది. ప్లానులోని ప్రతి గదికీ నేల ఎత్తు ఇంత, కప్పు ఎత్తు ఇంత అని రెండు అంకెలు రాసి ఉంటాయి. కాబట్టి అలిపిరి మెట్లను అందులో కట్టవచ్చు, ఒక్కో మెట్టుకు ఒక్కో ఎత్తు ఇస్తే సరిపోతుంది. తిరుపతి ఫ్లైఓవర్ శ్రీనివాస సేతును మాత్రం కట్టలేరు. వంతెన మీదా బండి వెళ్ళాలి, వంతెన కిందా బండి వెళ్ళాలి అంటే ఒకే చోట రెండు నేలలు ఉండాలి, ప్లానులో ఒక చోటికి ఒక నేల అంకె మాత్రమే పడుతుంది. లిఫ్టు అనేది ఆ అంకెను ఆట నడుస్తుండగా మార్చడమే.

ఈ పరిమితి లోపం కాదు, వేగం కోసం చేసుకున్న బేరం. 386 ప్రాసెసర్, 4 ఎంబీ మెమరీ ఉన్న యంత్రం మీద ఆడించాలి మరి. ప్లానును ముందే గీతలతో ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కలను చెట్టు కొమ్మల్లా అమర్చి దాచుకుంటే, ఆటగాడు ఎక్కడ నిలబడ్డా ఏ గోడ దగ్గరిదో ఏది దూరందో కంప్యూటర్ వెతుక్కోకుండా చెప్పగలదు. దగ్గరి గోడతో మొదలుపెట్టి గీస్తూ పోతే, చాటున పడిన గోడలను గీసే శ్రమ తప్పుతుంది. 1980లోనే ఒక పరిశోధనా పత్రంలో వెలువడిన ఈ పద్ధతిని కార్మాక్ ఆటకు మలుచుకున్నారు. రాక్షసులు కూడా చదునైన బొమ్మలే. కొన్నింటిని మట్టితో చేసి, చుట్టూ తిప్పుతూ వీడియో కెమెరాతో తీసి వాడారు. అదే సంస్థ 1996లో తెచ్చిన ‘క్వేక్’లో వంతెన మీదా కిందా నడవవచ్చు.

ప్రశ్న: పన్నెండేళ్ళ మా బాబు ‘డూమ్ ఎటర్నల్’ కొనిపెట్టమని పట్టుబడుతున్నాడు. కొనవచ్చా?
— ఒక గృహిణి, మదనపల్లె

జవాబు: వద్దమ్మా. అమెరికాలో దానికి 17 ఏళ్ళు నిండినవారికి అన్న ముద్ర, ఐరోపాలో 18 అన్న ముద్ర వేశారు. అవయవాలు తెగడం అందులో అడుగడుగునా దగ్గరనుంచి కనిపిస్తుంది.

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్ కార్డు లేదు. ఈ వరుసలో ఒక్కటైనా ఆడగలనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: 1993 నాటి దానితోనే మొదలుపెట్టండి. ‘డార్క్ ఏజెస్’కు రే ట్రేసింగ్, అంటే వెలుగు కిరణాల దారిని అప్పటికప్పుడు లెక్కకట్టడం, చేయగల కార్డు తప్పనిసరి కనుక దాని ఊసు వద్దు. మొదటి ఆట ప్రోగ్రాం మూలాన్ని (సోర్స్ కోడ్) 1997లోనే సంస్థ బహిరంగపరిచింది, అందువల్ల దాన్ని ఎంతటి చిన్న యంత్రానికైనా అమర్చేవారు పుట్టుకొచ్చారు. అంకాలు ప్రోగ్రాంలో కలిసిపోకుండా విడి ఫైళ్ళలో ఉండటం వల్ల అభిమానులు నేటికీ కొత్తవి కడుతూనే ఉన్నారు. మొదటి ఆట రూపకర్తల్లో ఒకరైన జాన్ రొమేరో కూడా 2019లో ‘సిగిల్’ పేరుతో తొమ్మిది కొత్త అంకాలు ఉచితంగా ఇచ్చారు, కానీ అవి చేయి తిరిగాక ఆడవలసినవి. పాత రూపంలోనే ఆడదలిస్తే ఒక్క జాగ్రత్త తీసుకోండి: పక్కకు జరగడానికి అందులో కామా, ఫుల్‌స్టాప్ మీటలు ఉంటాయి. వాటిని మీ చేతికి వీలైన మీటలకు మార్చుకున్నాకే మొదటి తలుపు తెరవండి.