మీ అత్తగారింటి పండగే చెయ్యి

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. ఫిబ్రవరిలో మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో చైనా కొత్త సంవత్సరం చెయ్యమని మీ తెలుగు స్నేహితులూ, పక్కింటి అమెరికన్లూ పట్టుబట్టారన్నావు. డ్రాగన్ నాట్యం నుంచి టీ సేవ దాకా పే...ద్ద జాబితా కూడా పంపావు. అందులో ముప్పాతిక భాగం కొట్టెయ్. చైనా మొత్తాన్ని తెచ్చి ఒక హాల్లో పెట్టడం ఎవరి తరమూ కాదు. మీ అత్తగారిది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ కదా, ఆవిడ ఇంట్లో ఏం చేస్తారో అదే చెయ్యండి, చాలు. సింగపూర్‌లో ఆ వైపు మూలాలున్న కాంటనీస్ ఇంటికి కోడలిగా వచ్చి, వాళ్ళ వంటింట్లోనే జుట్టు నెరిసినదాన్ని కాబట్టి ఈ మాత్రం చెప్పగలను.

"డంప్లింగ్స్ లేవా?" అని అందరూ అడుగుతారు. ఉత్తర చైనా ఇళ్ళలో పండగ ముందు రాత్రి అవి లేనిదే పండగ కాదు. గ్వాంగ్‌జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం వైపు అంత పట్టింపు లేదు. అక్కడ ముల్లంగి కేకు, బంకబియ్యం పిండితో చేసే నియాన్‌గావ్ అనే తీపి కేకు, నూనెలో వేయించిన నువ్వుల ఉండలు ఉండాలి. లేనివి తెచ్చిపెట్టుకోకు. "మా అత్తగారి ఊళ్ళో ఇంతే" అని చెబితే వినేవాళ్ళకి చైనా ఎంత పెద్ద దేశమో దానంతటదే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముల్లంగి కేకు మీద మనసు పెట్టు. లో బాక్ గో అంటారు. తెల్ల ముల్లంగి తురిమి, దాని నీళ్ళలోనే మెత్తబడేదాకా మగ్గించి, వేడి మీద ఉండగానే బియ్యప్పిండి కలిపి, పళ్ళెంలో పోసి గంటసేపు ఆవిరికి పెడతారు. ఆ వేడిలో కొయ్యకూడదు, ముద్దయిపోతుంది. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున వేలెడు మందం ముక్కలు కోసి పెనం మీద రెండువైపులా ఎర్రగా కాల్చాలి. పైన కరకర, లోపల వెన్న. కాల్చేది మాత్రం అందరి ఎదుటా కాల్చు. ముల్లంగి వాసనకి ముఖం చిట్లించినవాళ్ళే రెండో ముక్కకి వరసలో నిలబడతారు. నువ్వుల ఉండలు ఇంటి దగ్గరే వేయించి తీసుకెళ్ళు. క్లబ్‌హౌస్‌లో నూనె మూకుడు పెట్టావంటే పొగ అలారం మోగి, అందరూ పార్కింగ్‌లో నిలబడి పండగ చేసుకోవాల్సి వస్తుంది.

ముల్లంగి కేకులో మామూలుగా ఎండు రొయ్యలూ, పంది మాంసం సాసేజీ వేస్తారు. 2027లో పండగ ఫిబ్రవరి 6న, శనివారం. మీ తెలుగువాళ్ళలో సగం మంది వెంకటేశ్వరస్వామి వారమని ఆ రోజు నీచు ముట్టరు. దీనికోసం నువ్వేమీ సర్దుబాటు చెయ్యనక్కర్లేదు. పండగ మొదటి రోజు చాలా కాంటనీస్ ఇళ్ళలో కూడా మాంసం మానేస్తారు, బౌద్ధుల అలవాటు. ఆ పూట లో హోన్ జాయ్ అనే కూర వండుతారు: ఎండు షిటాకే పుట్టగొడుగులు, సోయా పాల మీద కట్టిన మీగడని ఎండబెట్టిన చుట్టలు, పెసర సేమ్యా, క్యాబేజీ. గుళ్ళ పద్ధతిలో వండితే ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు. కాబట్టి విందంతా శాకాహారమే పెట్టు, ముల్లంగి కేకులో సాసేజీ బదులు పుట్టగొడుగులు వెయ్యమను. ఒక్కటి గుర్తుంచుకో. కొన్ని ఇళ్ళలో ఈ శాకాహారపు కూరలోనే ఎండు ఆయిస్టర్లు, అంటే ఆల్చిప్పల లోపలి మాంసం, వేస్తారు, అవి వాళ్ళ లెక్కలో పర్వాలేదు. ఆయిస్టర్ సాస్ సంగతీ అంతే. అత్తగారిని ముందే అడిగి తెలుసుకో. నువ్వులు, వేరుశెనగ, గోధుమ, సోయా ఏ గిన్నెలో ఉన్నాయో అవి పడనివాళ్ళ కోసం చీటీ రాసి పెట్టు.

మంచూరియా ఏదీ అని ఎవరో ఒకరు అడగకపోతే నన్నడుగు! నవ్వి ఊరుకోకు, కథ చెప్పు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనా వంటాయన 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో చికెన్ మంచూరియన్ కనిపెట్టాడంటారు. పరాయి నేల మీద బతకడానికొచ్చిన చైనావాళ్ళు అక్కడి నాలుకకి తగ్గట్టు చేసుకున్న వంట అది, దాన్ని నకిలీ అనడం నాకు నచ్చదు. మా సింగపూర్‌లో పండక్కి అందరూ చుట్టూ నిలబడి చాప్‌స్టిక్స్‌తో పైకెగరేసే యూషెంగ్ అనే పచ్చి చేప సలాడ్ కూడా ఇప్పుడున్న రూపంలో 1964లో ఇక్కడి వంటవాళ్ళు తెచ్చిందే. అయినా మంచూరియా మాత్రం ఆ రోజు బల్ల మీద పెట్టకు. పెట్టావా, మిగతావి ఎవరూ ముట్టరు.

మీ మామగారు బ్రష్‌తో రాస్తారన్నావుగా, ఒక బల్ల ఆయనకిచ్చెయ్. ఎర్ర కాగితం మీద అదృష్టమనే అర్థమున్న "ఫు" అక్షరం రాసి వచ్చినవాళ్ళకి ఇస్తారు, వాళ్ళు తలుపుకి అంటించుకుంటారు. ఆ సిరా పట్టుచీర మీద పడితే ఇక పోదు, అందుకని బల్ల గోడవారగా వెయ్యి. పిల్లలకి సిరా ఇవ్వకు. నీళ్ళతో రాసే గుడ్డలు దొరుకుతాయి. తడి బ్రష్ తగిలితే నల్లగా కనబడుతుంది, ఆరగానే మాయమవుతుంది. ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు, ఏడుపులుండవు.

డబ్బు పెట్టి ఇచ్చే ఎర్ర కవర్ల విషయం వచ్చినవాళ్ళకి ముందే చెప్పు. కాంటనీస్‌లో లైసీ అంటారు. పెళ్ళయినవాళ్ళు పెళ్ళికానివాళ్ళకి ఇస్తారు, రెండు చేతులతో అందుకుంటారు, ఇచ్చినవాళ్ళ ముందు విప్పరు. మనవాళ్ళు చదివింపుల అలవాటుతో నూటొకటిలాగా ఒకటి కలిపి బేసి చేసి పెడతారు. వాళ్ళకి సరిసంఖ్య శుభం, అందులోనూ నాలుగు పనికిరాదు. పిల్లల కవర్లలో చాక్లెట్ నాణేలు పెడితే ఏ గొడవా లేదు.

తెలుగువాళ్ళని కదలకుండా కూర్చోబెట్టాలంటే ఒక చార్టు గియ్యి. మనలాగే వాళ్ళకీ అరవై ఏళ్ళ చక్రం ఉంది. మనది ప్రభవతో 1987లో మళ్ళీ మొదలైతే, వాళ్ళది 1984లో మొదలైంది. ఒకవైపు మన సంవత్సరాల పేర్లు, ఇంకోవైపు వాళ్ళ జంతువులు రాస్తే ఎవరి పుట్టిన ఏడు వాళ్ళు వెతుక్కుంటారు. జనవరి, ఫిబ్రవరిల్లో ఆ ఏటి పండగకి ముందే పుట్టినవాళ్ళు ముందటేడు జంతువు కిందకి వస్తారని పక్కన రాయి, ఎందుకంటే వాళ్ళకి ఏడు మారేది పండగనాడే. 2027 మేక సంవత్సరం. 1967 మేక ఏడాదిలో పుట్టినవాళ్ళెవరైనా వస్తే చక్రం పూర్తయినట్టే, మన షష్టిపూర్తి లెక్క. వాళ్ళకి మొదటి ముక్క పెట్టించు.

ఇక అసలు భయం ఇది. ఎవరో ఒక అంకుల్ పాములు తింటారా అనో, సరిహద్దు గొడవ గురించో మీ అత్తగారిని అడుగుతాడు. ఆవిడ పండక్కి వచ్చిన పెద్దావిడ, దౌత్యవేత్త కాదు. ఆ ప్రశ్న ఆవిడదాకా పోనివ్వకు. "అంకుల్, ఈ ముక్క చూడండి" అని ప్లేటు చేతిలో పెట్టు. వినకపోతే అల్లుడిని పంపు, ఆ రోజు అతని పని అదే. ఆవిడ కాంటనీస్‌లో చెప్పేది తెలుగులోకీ, ఇంగ్లీషులోకీ మార్చడానికి ఒకరు పక్కనే ఉండాలి. ఆవిణ్ణి పొయ్యి దగ్గర నిలబెట్టి అందరూ ఫోన్లు పట్టుకుని ఫోటోలు తియ్యడం ఉందే, దానికి ఆవిడ ఒప్పుకుంటేనే. చాప్‌స్టిక్స్ పక్కన ఫోర్కులు పెట్టు, చేత్తో తింటామంటే తిననీ. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చడం మాత్రం వద్దని చెప్పు. చనిపోయినవాళ్ళకి అగరొత్తులు పెట్టినట్టుంటుంది, ఆవిడ మనసు చివుక్కుమంటుంది.

మీ కాంప్లెక్స్‌లో వియత్నాం వాళ్ళున్నారన్నావు. వాళ్ళ కొత్త సంవత్సరం పండగ టెట్ కూడా అదే రోజు. పోస్టర్ వేసేముందు వాళ్ళని పలకరించు, కలిసి చేద్దామంటే పేరు చాంద్రమాన కొత్త సంవత్సరం అని పెట్టండి. చార్టులో కుందేలు ఉన్నచోట వాళ్ళకి పిల్లి ఉంటుంది, అది కూడా రాయి.

నియాన్‌గావ్‌కీ, నువ్వుల ఉండలకీ కావాల్సిన బంకబియ్యం పిండి జనవరి చివరికి చైనా కొట్లలో దొరకడం కష్టం, ఇప్పుడే రెండు ప్యాకెట్లు తెచ్చి పెట్టుకో. క్లబ్‌హౌస్ బుక్ చేశావో లేదో నాకు చెప్పు. మీ అత్తగారికీ మామగారికీ నా నమస్కారాలు.

మీ పెద్దమ్మ