పార్కులో పురుగులను లెక్కించబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలిని ఆశీర్వదించి మామయ్య వ్రాయునది.

విశాఖ ఎం.వి.పి. కాలనీలో మీ వీధి పార్కు సంరక్షణను సంఘం వారు నీకు అప్పగించారనీ, సీతాకోకచిలుకల కోసం పూలమొక్కలు కొనే ఆలోచనలో ఉన్నావనీ మీ అమ్మ చెప్పింది. కొనడానికి ముందు, అక్కడ ఇప్పటికే ఏయే పురుగులు బతుకుతున్నాయో ఈ వానాకాలమంతా చూసి రాసి ఉంచుకోవడం మంచిది.

వారానికొకసారి, వాన లేని రోజున, ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య ఒకే దారిలో నెమ్మదిగా నడుస్తూ, ఇరువైపులా రెండున్నర మీటర్ల లోపల కనిపించిన సీతాకోకచిలుకలనూ తూనీగలనూ లెక్కించు. దారీ వేళా మారిస్తే ఒక నెల లెక్కను మరో నెల లెక్కతో పోల్చడం కుదరదు. పేరు తెలియనిదాన్ని ఫొటో తీసి, అది ఏ మొక్కపై వాలిందో తప్పక రాయి.

మొక్క సంగతి ఇంతగా చెప్పడానికి కారణముంది. తేనె కోసం సీతాకోకచిలుక ఎన్నో రకాల పూలపై వాలుతుంది గాని, గుడ్లు మాత్రం తన గొంగళిపురుగు తినగలిగే మొక్కపైనే పెడుతుంది. నిమ్మ సీతాకోకచిలుకకు నిమ్మ, మారేడు కావాలి. నారింజ రంగు ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు కావాలి. లేత పసుపు ఎమిగ్రెంట్‌కు రేల కావాలి. జిల్లేడును తోటమాలి కలుపనుకొని పీకేస్తాడు కనుక, గోడవార కొంత చోటు వదలమని ముందే మాట్లాడుకో. ఆకులకు చిల్లులు పడ్డాయని మందు కొట్టించమనేవారికి నచ్చజెప్పడం అంతకన్నా కష్టం. అయినా ఆ ఒక్క విషయంలో మొహమాటపడకు.

నేలనంతా టైల్స్‌తో కప్పనివ్వవద్దు. ప్రపంచంలో గుర్తించిన 20,000కు పైగా తేనెటీగ జాతుల్లో అధికభాగం తేనెపట్టు కట్టవు. ఒంటరిగా మట్టిలో బొరియ తవ్వుకొని గుడ్లు పెడతాయి. తుమ్మెదలైతే ఎండు కొయ్యను తొలుస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు కూలిన చెట్లను దారులకు అడ్డం లేకుండా తొలగించక తప్పలేదు గాని, పార్కు మూలన ఒక ఎండు మొద్దు పడి ఉంటే ఎవరికీ ఇబ్బంది కలగదు. రాలిన ఆకులను కాల్చకుండా చెట్ల మొదట్లోనే పోయించు.

నీటికుంట ఉంటే దోమలు పెరుగుతాయని అభ్యంతరం వస్తుంది. తూనీగ పిల్లలు నీటిలోనే పెరుగుతూ దోమ పిల్లలను తింటాయని చెప్పు. దోమల పొగ మాత్రం తూనీగలనూ వదలదు.

నీ లెక్కను కంబాలకొండతో పోల్చుకొని దిగులుపడకు. అది సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. అక్కడికి వెళితే చూసి ఫొటోలు తీసుకో గాని, అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క పురుగునూ పట్టి తేవద్దు.

మీ మామయ్య