ఫోరెన్సిక్ సైకాలజీ అంటే ఏంటి? చదివితే ఉద్యోగాలు ఎక్కడ?

డిగ్రీలో సైకాలజీ చదివాక ఫోరెన్సిక్ వైపు వెళ్లొచ్చా అని అడిగారు. వెళ్లొచ్చు. కానీ సినిమాల్లోలా ముఖం చూసి నేరస్థుణ్ని పట్టేసే పని కాదిది, కోర్టుకీ పోలీసులకీ మనిషి మనసు గురించి తెలియాల్సి వచ్చినప్పుడు చేసే పని.

ఉదాహరణకి 16 నిండి 18 లోపున్న కుర్రాడి మీద ఘోరమైన నేరం కేసు పడిందనుకోండి, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం అతన్ని పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని తేల్చే ముందు, తాను చేసినదాని పర్యవసానం అర్థమయ్యే స్థితి అతనికుందా అని జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు చూసేది) అంచనా వేయాలి, అందుకు సైకాలజిస్టుల సాయం తీసుకోవచ్చు. ఆ కుర్రాడి ఎదురుగా కూర్చుని ఓపిగ్గా మాట్లాడేది మీరే. తొందరపడి రాసిన రిపోర్టు ఒక జీవితాన్నే మార్చేస్తుంది, అందుకే ఈ పనంటే నాకు అంత గౌరవం.

ఫోరెన్సిక్ ల్యాబుల్లో అయితే పాలీగ్రాఫ్, అంటే లై డిటెక్టర్ పరీక్ష ఉంటుంది. ఛాతీకి పట్టీ, వేళ్లకు సెన్సర్లు పెట్టి ఊపిరి, చెమట, రక్తపోటు ఎలా మారుతున్నాయో చూస్తారు. యంత్రానికి కనబడేది టెన్షనే, అబద్ధం కాదు. మనిషి ఒప్పుకోకుండా ఈ పరీక్ష చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

చదువంటే సైకాలజీలో పీజీ తప్పనిసరి. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఈ సబ్జెక్టు ఉంది. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ కావాలి. ఫోరెన్సిక్ ల్యాబులు, జైళ్లు, బాలల హోమ్‌లు, హైదరాబాద్ భరోసా లాంటి బాధితుల సహాయ కేంద్రాలు చూడండి. ప్రభుత్వ పోస్టులు తక్కువే, కాబట్టి చదువుతుండగానే ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చేయండి.